ఖాళీ జాగా

ఖాళీ అంటే మనవాళ్ళకి బొత్తిగా గిట్టదు. రైలుపెట్టెలో ఒక బెంచీ ఖాళీగా కనిపిస్తే కిటికీలోంచి తువ్వాలు విసిరిగాని ఊరుకోం. గోడకి మేకు ఖాళీగా ఉంటే క్యాలెండరు తగిలిస్తాం. అటకమీద చోటుంటే పగిలిన బకెట్టయినా సరే ఎక్కించాలి. ఇంతెందుకు, పెళ్ళి భోజనంలో విస్తరిలో ఒక మూల ఖాళీ కనిపిస్తే చాలు, వడ్డించేవాడి ప్రాణం విలవిల్లాడిపోతుంది. మనం చేతులు అడ్డం పెట్టి వద్దు వద్దంటున్నా అక్కడ గరిటెడు పప్పు పడి తీరవలసిందే.

ఇటువంటి వాళ్ళం ఊళ్ళు కట్టుకుంటే, ఆ ఊళ్ళలో ఖాళీ జాగా అనేది మిగులుతుందా? మీరే చెప్పండి.

మా కాలనీలో మాత్రం ఒకటి మిగిలింది. దాన్ని గురించే ఈ నాలుగు మాటలూను.

మా కాలనీ హైదరాబాదుకి తూర్పువైపున ఉంది. పేరెందుకు లెండి. 30 ఏళ్ళ కిందట చిన్న చిన్న ఉద్యోగస్తులం 64 మందిమి కలిసి సొసైటీ పెట్టుకున్నాం. తలా 200 గజాలు కొనుక్కుని, దొరికినచోటల్లా అప్పులు చేసి, భార్యల మెడలో గొలుసులు తాకట్టుపెట్టి ఇళ్ళు కట్టుకున్నాం. లేఅవుటు కాగితంలో కింది మూల 1200 గజాలకి ఆకుపచ్చరంగు పూసి 'పార్కు' అని రాశారు. ఆ పచ్చరంగు కాగితం మీదే ఉండిపోయింది. అసలు జాగాలో ఉన్నవల్లా ఒక తుప్పుపట్టిన బోర్డూ, మూడు కానుగచెట్లూ, ఒక వేపచెట్టూ, మిగతాదంతా వయ్యారిభామ మొక్కలూను. పగలు పిల్లలు క్రికెట్టు ఆడతారు. రాత్రి చీకటిమాటున ఎవరో వచ్చి చెత్త పోసి పోతారు.

రెండేళ్ళ కిందట మా కాలనీ సెక్రటరీగారు ఒక ప్లాను గీయించుకొచ్చారు. ఆ 1200 గజాల్లో రెండంతస్తుల ఫంక్షన్ హాలు. కింద వీధివైపు నాలుగు దుకాణాలు. మిగిలిన చోటంతా కార్లు నిలుపుకోడానికి సిమెంటు చేయించడం. దుకాణాల అద్దెతో వాచ్‌మన్ జీతం, వీధి దీపాల ఖర్చు వెళ్ళిపోతాయి. కాలనీవాళ్ళ ఇళ్ళలో శుభకార్యాలకి సగం అద్దెకే హాలు.

ఇందులో దుర్మార్గం ఏముంది? ఎవరో కబ్జాదారు రాత్రికి రాత్రి గోడ కట్టుకుంటే నలుగురం వెళ్ళి కేకలేయవచ్చు. మా సెక్రటరీగారు అటువంటివారు కారు. పదేళ్ళుగా జీతం బత్తెం లేకుండా కాలనీకి చాకిరీ చేస్తున్న పెద్దమనిషి. "చూడండి మాస్టారూ, ఆ జాగాలో పాములు తిరుగుతున్నాయి, దోమలు పుడుతున్నాయి. ఊరికే పడి ఉన్నదాన్ని నలుగురికీ పనికొచ్చేలా చేద్దామంటే తప్పేముంది?" అన్నారు. ప్లాను కాగితం నా చేతికిచ్చి, "మీరు పెద్దవారు. మీ సంతకం ముందు పడితే మిగతావాళ్ళు కాదనరు" అన్నారు.

మా ఆవిడకి ఆ ప్లాను తెగ నచ్చింది. దానికి కారణం ఉంది. మా రెండో అమ్మాయి పెళ్ళికి ఎదిగి ఉంది. బయట హాలు ఒక్కపూటకి అడుగుతున్న అద్దె వింటే నాకు నా మొదటి పదేళ్ళ జీతం గుర్తుకొస్తోంది. "ఏమండీ, ఇంటి పక్కనే హాలుంటే విడిది కూడా మనింట్లోనే పెట్టేయవచ్చు" అంది. అంటూనే మేడమీద ఎందరు పడుకోవచ్చో లెక్క కూడా వేసేసింది.

నేను ముప్ఫయి ఏళ్ళపాటు బడిపిల్లలకి భూగోళం చెప్పినవాణ్ణి. సంతకం పెట్టేముందు పాఠం ఒకసారి చదువుకోవడం నాకు అలవాటు. అంచేత, "పదిహేను రోజులు ఆగండి" అని ప్లాను బల్లసొరుగులో పెట్టాను.

ఆ జాగా సంగతి చదువుకోడానికి పుస్తకాలేం ఉంటాయి? కాని ఆ జాగాలో రోజూ వేపచెట్టు కింద కూర్చునే పెద్దాయన ఒకడున్నాడు. ఎనభై దాటాయి. మాకీ భూములమ్మిన రైతుల్లో ఒకడు. ఆయన పక్కన చతికిలబడి, "ఇక్కడ హాలు కట్టిస్తారట తాతా" అన్నాను.

ఆయన చుట్ట పక్కన పెట్టి నవ్వాడు. "గిది జాగా ఎక్కడిది సారూ, గిది కుంట. మేం చిన్నగున్నప్పుడు గీడ బర్లను కడిగేటోళ్ళం. మీది చెరువు నిండితే అలుగు పారి నీళ్ళు గీ కుంటల పడుతుండె. గిది నిండితే కింది చెరువుకు పోతుండె. నీళ్ళకు తొవ్వ యాదికుంటది సారూ, మనకే ఉండది."

నేను పిల్లలకి నల్లబల్ల మీద గీసి చెప్పిన పాఠమే అది. మన దక్కను నేల రాతినేల. ఏడాది పొడవునా నిండుగా పారే నదులు లేవు. అందుకని కాకతీయుల కాలంనాటి వాళ్ళూ, ఆ తరువాతివాళ్ళూ వాననీటిని వాలు వెంబడి మెట్లుమెట్లుగా ఆపారు. మెరకన ఒక చెరువు. అది నిండితే అలుగు మీదుగా దిగువ చెరువుకి. అక్కణ్ణించి ఇంకో కుంటకి. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. హైదరాబాదు నగరం పుట్టకముందే, 1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో తవ్వించిన హుస్సేన్ సాగరు కూడా అటువంటి గొలుసులో ఒక పెద్ద లింకే. గొలుసులో ఒక లింకు తీసేస్తే గొలుసు పొట్టిదవుతుంది, అంతేగదా అనుకుంటాం. నీళ్ళ విషయంలో అలా కాదు. తీసేసిన లింకులోని నీరంతా పక్క లింకు మీద పడుతుంది.

అలా పడితే ఏమవుతుందో హైదరాబాదు వాళ్ళు 1908లో చూశారు.

ఆ ఏడు సెప్టెంబరు 28న మూసీ పొంగింది. అఫ్జల్‌గంజ్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన మూడూ కొట్టుకుపోయాయి. 1578లో కట్టిన పాత వంతెన, పురానాపూల్, నిలిచింది. ప్రాణనష్టం 15,000 వరకు ఉంటుందని చెబుతారు. నగరంలో ఇళ్ళు కూలి వీధిన పడ్డవాళ్ళు వేలకు వేలు. అప్పుడు కొందరు ప్రాణాలు చేతపట్టుకుని ఒక చింతచెట్టెక్కారు. అలా ఆ ఒక్క చెట్టు 150 మందిని కాపాడిందంటారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఎప్పుడైనా అటు వెళితే చూసి రండి. రోగుల తాలూకు బంధువులు దానికింద భోజనం డబ్బాలు విప్పుకుంటూ కనిపిస్తారు. వాళ్ళలో ఎందరికి తెలుసో, ఆ కొమ్మల మీద ఒకప్పుడు ఒక పేటంత జనం బతికిందని!

వరద తీశాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన అప్పుడు ఐరోపా యాత్రలో ఉన్నారు. 1909 ఏప్రిల్‌లో వచ్చి, ఆ అక్టోబరులో నివేదిక ఇచ్చారు. వరద ఎందుకొచ్చిందో తేల్చడానికి ఆయన నగరంలో కూర్చోలేదు; ఎగువకి చూశారు. మూసీకి నీరందించే ప్రాంతంలో 788 చెరువులున్నాయి. వాటిలో 221 తెగిపోయాయి. ఒక చెరువు తెగి కిందిదాని మీద పడింది, ఆ రెండూ కలిసి మూడోదాని మీద పడ్డాయి. నగరం మీదికొచ్చింది ఒక్క వాన కాదన్నమాట. వందల చెరువులు ఒక్కపెట్టున వచ్చాయి.

దానికి ఆయన చెప్పిన మందు రెండు భాగాలు. మొదటిది మనందరికీ తెలిసిందే: నగరానికి ఎగువన మూసీ మీద ఒకటీ, ఈసీ మీద ఒకటీ పెద్ద జలాశయాలు కట్టి వరదని అక్కడే నిలవేయడం. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. వాటి నీళ్ళు తాగి మూడు తరాలు పెరిగాయి. తాగునీటి చెరువులుగానే వాటిని ఎరుగుదుం గాని, అసలు పుట్టినవి వరద కోసం.

రెండో భాగాన్ని మనం అంతగా తలచుకోం. నగరంలో నది రెండు ఒడ్లనూ ఎత్తు చేసి, వెడల్పైన బాటలూ తోటలూ వేయాలన్నారాయన. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి ఇరుకు పేటల్ని విప్పి రోడ్లు, ఉద్యానాలు వేసింది. వరదకి ఊడ్చుకుపోయిన ఒడ్డున హైకోర్టూ, ఉస్మానియా ఆసుపత్రీ విశాలమైన ఆవరణలతో లేచాయి.

నది ఒడ్డున తోట అంటే సాయంకాలం షికారుకని అనుకుంటాం. షికారు మంచిదే. కాని నాకు తోచేదేమంటే, నీళ్ళు ఎప్పుడైనా వచ్చి కూర్చోగల చోట తోట వేయడంలో గొప్ప లౌక్యం ఉంది. తోట మునిగితే రెండు రోజులకి తేలుతుంది. గడ్డి బురద దులుపుకుని మళ్ళీ లేస్తుంది. ఇల్లు మునిగితే అలా తేలదు. అందులో బియ్యం డబ్బా ఉంటుంది, పిల్లల సర్టిఫికెట్లుంటాయి, మంచం దిగలేని ముసలివాళ్ళుంటారు. ఎక్కడ నీళ్ళకి హక్కుందో అక్కడ పచ్చదనం, ఎక్కడ లేదో అక్కడ ఇళ్ళు. నగర నిర్మాణం గురించి ఎన్ని పెద్ద పుస్తకాలు రాసినా సారం ఇదేననిపిస్తుంది నాకు.

ఇక ఆ తరువాతి కథ. ఆ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కాలనీలకీ పెద్ద హోటళ్ళకీ కాలుష్యం చిమ్మే పరిశ్రమలకీ హద్దులు పెడుతూ 1996లో 111 నంబరు ఉత్తర్వు వచ్చింది. 2022లో ఆ హద్దులు సడలిస్తూ మరొక ఉత్తర్వు వచ్చింది. నగరం నడిమధ్యనయితే చెరువుల శిఖం భూములు కాలనీలయ్యాయి, నాలాలు సందులయ్యాయి. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడితే నగరం ముంపులో చిక్కుకుంది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు పడింది. అప్పా చెరువు తెగింది, పల్లె చెరువు తెగింది, నాలుగు రోజులకి మళ్ళీ కురిసిన వానకి గుర్రం చెరువు తెగింది. నిన్నమొన్న, 2025 సెప్టెంబరు 26 రాత్రి, జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ పొంగి ఇమ్లీబన్ బస్‌స్టేషన్‌లోకి నీళ్ళొచ్చాయి. దసరాకి ఊరెళదామని సంచులు సర్దుకొచ్చినవాళ్ళు అందులో చిక్కుకుపోయారు. ఇమ్లీబన్ అంటే ఏమిటనుకున్నారు? చింతతోపు. నది మధ్య దిబ్బమీది తోపుండే చోటికి వచ్చిన పేరు. పేరులో తోపు మిగిలింది. నీళ్ళు మాత్రం పాత చిరునామా మరిచిపోలేదు.

2020 అక్టోబరు 13 రాత్రి మా కాలనీలో ఏం జరిగిందో చెప్పాలి.

సాయంత్రంనించీ కుండపోత. తొమ్మిది గంటల వేళ కరెంటు పోయింది. పై చెరువువైపునించి వీధిలోకి నీళ్ళు రావడం మొదలైంది. ముందు పాదాలు తడిసేంత, తరువాత చీలమండ దాకా. అయితే ఆ నీరు ఇళ్ళలోకి దూరకుండా పార్కు జాగాలోకి జారిపోతోంది. టార్చిలైటు వేసి చూస్తే పిల్లలు నిలబెట్టిన వికెట్లు మునిగాయి; తరువాత తుప్పుబోర్డు సగందాకా మునిగింది. కింది వరసలో మూడో ఇంట్లో ఒక బామ్మగారున్నారు. తుంటి ఎముక విరిగి అప్పటికి రెండు నెలలుగా మంచం మీద ఉన్నారు. కొడుకు ఊళ్ళో లేడు. కోడలు ఒక్కతే. సెక్రటరీగారూ, నేనూ, మరో ఇద్దరు కుర్రాళ్ళూ వెళ్ళి ఆవిణ్ణి మడతమంచంతో సహా ఎత్తి, మెట్లమీద ఒరిపిళ్ళు పడకుండా మేడమీదికి చేర్చాం. గ్యాసు సిలిండరు, బియ్యం బస్తా, మందుల పెట్టె, ఇంటి కాగితాలు కూడా పైకి చేరవేశాం. అన్నీ అయ్యేసరికి అరగంట పట్టింది. సరిగ్గా అప్పటికి పార్కు జాగా నిండింది. నిండిన నీరు వెనక్కి తిరిగి, కింది వరస ఇళ్ళ గడపలు దాటింది. పది నిమిషాల్లో బామ్మగారి గదిలో మంచం కోళ్ళు మునిగేంత నీళ్ళు.

ఆ అరగంట మాకెవరిచ్చారు? మునిసిపాలిటీ ఇవ్వలేదు, మేము కొనుక్కోలేదు. పనికిమాలిన ఆ ఖాళీ జాగా ఇచ్చింది. ఈ సంగతి ప్లాను కాగితం సొరుగులోంచి తీసినప్పుడల్లా నాకు గుర్తొస్తూనే ఉంది.

గుర్తొస్తే చాలదు గదా. సభలో మాట్లాడాలంటే లెక్క కావాలి. మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని లెక్క వేశాను. మీరూ వేసుకోవచ్చు, కష్టమేమీ లేదు. 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. దానిమీద 32 సెంటీమీటర్ల వాన పడితే 53 వేల లీటర్ల పైచిలుకు నీళ్ళు. అంటే 5000 లీటర్ల ట్యాంకర్లు పదిన్నర దాకా! ఏప్రిల్‌లో ఒక్క ట్యాంకరు కోసం వీధి చివర కాపలా కాస్తాం. ఆ పదీ ఒక్కరోజులో ఉచితంగా మన నెత్తినే దిగుతాయి. 64 ఇళ్ళకీ కలిపి 680 ట్యాంకర్లు. మట్టినేల ఉంటే అందులో కొంత ఇంకుతుంది. చెట్ల వేళ్ళు నేలలో చేసిన దారులెంట కొంత లోపలికి దిగుతుంది. కాని మనం వాకిలికి టైల్సు, పెరటికి సిమెంటు, వీధికి కాంక్రీటు వేశాం. నేలకి నోరు కుట్టేశాక అది ఎలా తాగుతుంది?

ఇప్పుడు ఆ 1200 గజాల జాగాని రెండడుగులు లోతు చేశామనుకోండి. అందులో ఆరు లక్షల లీటర్లు పడతాయి, 120 ట్యాంకర్లన్నమాట. 680లో 120 ఏం లెక్క అంటారా? నిజమే, వరదంతా అందులో పట్టదు. పట్టనక్కరలేదు. 'కాస్సేపు ఇక్కడ కూర్చో' అని నీళ్ళకి చెప్పే చోటుంటే చాలు. ఆ కాస్సేపట్లో నాలా కొంత లాగుతుంది, మనుషులు మేడలెక్కుతారు.

నెలలో రెండో ఆదివారం జనరల్ బాడీ సమావేశం పెట్టారు. 55 ఇళ్ళవాళ్ళు వచ్చారు. మా కాలనీ చరిత్రలో అంతమంది రావడం అదే మొదలు. సెక్రటరీగారు ప్లాను గోడకి అంటించి వివరించారు. నేను లేచి నా లెక్క చెప్పాను. ట్యాంకర్ల లెక్క దగ్గర కొందరు నవ్వారు గాని, అరగంట మాట చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు.

కోర్టులో పనిచేసి రిటైరైన ఒకాయన లేచి, లేఅవుటులో పార్కుకని వదిలింది ఊరందరి ఆస్తి, మనం తీర్మానం చేసినంత మాత్రాన మారదన్నారు. బెంగుళూరులో పార్కుకని ఉంచిన స్థలాన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే, అది చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందట. ఆసుపత్రి కూడా మంచిపనే గదా అంటే, దాన్ని వేరేచోట కట్టవచ్చు, పార్కు పోతే మళ్ళీ రాదన్నారు ఆయన.

సెక్రటరీగారు ఊరుకోలేదు. ఊరుకోవలసిన అవసరమూ లేదు. "అట్లాంటి వాన ఇరవయ్యేళ్ళకోసారి వస్తుంది. చెత్త రోజూ వస్తోంది, దోమలు రోజూ వస్తున్నాయి. ఆ జాగా ఇట్లాగే వదిలేస్తే రేపు ఎవరో గుడిసె వేస్తారు, ఎల్లుండి ఎవరో గోడ కడతారు. అప్పుడు మీ అరగంట ఎక్కడుంటుంది?" అన్నారు. ఇందులో చాలా నిజముంది. ఎవరూ పట్టించుకోని ఖాళీ జాగా ఎన్నాళ్ళో ఖాళీగా ఉండదు. అంబర్‌పేట బతుకమ్మకుంట సంగతి పేపర్లలో చదివే ఉంటారు. ఏళ్ళ తరబడి చెత్తా మట్టీ పోస్తే అక్కడ కుంటనేది ఉందన్న ఆనవాలే లేకుండా పోయింది. మళ్ళీ తవ్వితే అడుగునించి నీరు ఊరింది. 2025 నాటికి అయిదెకరాల పైచిలుకు కుంటగా బాగుచేసి, చుట్టూ నడవడానికి బాట వేశారు. పోయిన కుంట తిరిగి వచ్చిందంటే సంతోషమే. కాని పోకుండా చూసుకోవడం ఎంత చవక!

అంచేత నేను సెక్రటరీగారితో పేచీ పెట్టుకోలేదు. "మీరన్నట్టు వదిలేయవద్దు. హాలు కట్టడానికి తలా ఇంత వేసుకుందామనుకున్నాం గదా, అందులో పదోవంతు వేసుకుని దాన్ని తవ్వుదాం, కంచె వేద్దాం, చెట్లు పెడదాం" అన్నాను.

సభలో గుసగుసలు. అప్పుడు బామ్మగారు, కర్ర పట్టుకుని నడవగలుగుతున్నారిప్పుడు, కుర్చీలోంచే అందుకున్నారు. "నాయనా, పెళ్ళి ఏ సత్రంలోనైనా చేసుకోవచ్చు. నన్ను మళ్ళీ మంచంతో ఎత్తాలంటే మీ నలుగురికీ వయసు మీదపడింది. అది చూసుకోండి!" సభంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవారు సెక్రటరీగారే.

ఓట్లు తీశారు. హాలు కావాలని 24, వద్దని 31. మా ఇంటి ఓటు మా ఆవిడ చేతిలో పెట్టి, ఎటు వేస్తుందో చూడకుండా కూర్చున్నాను. ఇంటికొచ్చాక తనే చెప్పింది: "బెజవాడలో చెల్లాయి వాళ్ళింటి సంగతి గుర్తొచ్చిందండీ." మా మరదలు సింగ్‌నగర్‌లో ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగితే వాళ్ళు రోజుల తరబడి మేడమీదే ఉన్నారు. పడవల్లో తెచ్చిన పాలపాకెట్లు తాళ్ళతో పైకి లాక్కున్నారు. అప్పుడు ఫోనులో చెల్లెలి గొంతు విని మా ఆవిడ రెండు రాత్రులు నిద్రపోలేదు. నా ట్యాంకర్ల లెక్క ఏ ఓటు తిప్పిందో తెలియదు గాని, ఆ ఫోను మాత్రం ఒక ఓటు తిప్పింది.

ఆ వేసవిలోనే పని జరిగింది. జాగాని నడుమ రెండడుగులు లోతు చేసి, అంచులు పిల్లలు పరుగెత్తి దిగేటంత వాలుగా చెక్కించాం. తవ్విన మట్టి గట్టుగా పోయించి చుట్టూ నడిచే బాట చేశాం. గట్టుమీద వేప, కానుగ, నేరేడు, మర్చిపోకుండా ఒక చింత కూడా నాటాం. నడుమ గడ్డి, ఒక పక్క కంకర నింపిన ఇంకుడుగుంత. వీధిలో నీరు లోపలికి రావడానికి ఒక తూము. నిండితే నాలాలోకి పోవడానికి ఒక చిన్న అలుగు. అలుగు ఎక్కడుండాలో చూపించింది వేపచెట్టు కింది తాతే. లెవెలు చూసే యంత్రం తెచ్చిన కుర్రాడు కొలిచి చూసి, తాత చెప్పిన చోటే సరైనదన్నాడు. రెండు వానాకాలాల్లో నాలుగుసార్లు నిండింది. నిండిన మర్నాడు సాయంత్రానికి ఇంకిపోతోంది. ఆ మర్నాడు పిల్లలు మళ్ళీ వికెట్లు పాతుతున్నారు. పక్క వీధివాళ్ళ బోర్లు ఎండిన మొన్న మేలో మా రెండు బోర్లు ఆగుతూ ఆగుతూనైనా నడిచాయి. 2020 నాటి వాన మళ్ళీ వస్తే ఏమవుతుందో చెప్పలేను. కాని మా అరగంట మాకుంది. బహుశా మరికొంత ఎక్కువే ఉంది.

అన్నట్టు, మా అమ్మాయి పెళ్ళి మాఘంలో అయింది. ముహూర్తం గుళ్ళో, సాయంత్రం విందు ఆ పల్లపు పచ్చికలోనే, షామియానా కింద. సిమెంటు హాలు కడితే అది ఎప్పటికీ హాలుగానే ఉంటుంది. ఈ జాగా మాఘంలో పెళ్ళిపందిరి, వైశాఖంలో పిల్లల ఆటస్థలం, భాద్రపదంలో కుంట. విందు ఏర్పాట్లన్నీ దగ్గరుండి చూసినవారు మన సెక్రటరీగారే. దీపాల తోరణాలు కట్టిస్తూ, "మాస్టారూ, హాలు ప్లాను మాత్రం బీరువాలో భద్రంగానే ఉంది సుమండీ" అన్నారు. ఆయన వేళాకోళానికే అన్నారనుకుంటాను. అయినా ఏటేటా జనరల్ బాడీకి ఒక్కపూట కూడా ఎగ్గొట్టకుండా వెళుతున్నాను.

మీ ఇంటి కాగితాల్లో లేఅవుటు నకలొకటి ఎక్కడో ఉంటుంది. ఈ ఆదివారం దాన్ని ఒకసారి పైకి తీయండి. పచ్చరంగు పూసిన జాగా ఎక్కడుందో చూసి, కాళ్ళకి చెప్పులేసుకుని అక్కడిదాకా నడిచి వెళ్ళండి. అక్కడ ముసలివాళ్ళెవరైనా కూర్చుని ఉంటే, వానొస్తే నీళ్ళు ఎటునించి ఎటు పోయేవని అడగండి. వాళ్ళు చెబుతారు. అడిగేవాళ్ళు లేకనే చెప్పకుండా ఉన్నారు.